రెండు తలల పాము, వదినగారి తలుపు

ఏ వస్తువు ఉండవలసిన చోట ఆ వస్తువు ఉండాలని నమ్మేవాణ్ణి నేను. ఉద్యోగ జీవితమంతా బడిలో గడిపాను. చివరి సంవత్సరాలు ప్రధానోపాధ్యాయుడిగా. పదవీ విరమణ చేసి మలేసియాలోని ఈ సుంగై సుమున్‌లో ఇల్లు కట్టుకున్న తరువాత కూడా ఆ అలవాటు పోలేదు. చెప్పులు గుమ్మానికి ఎడమ పక్క, గొడుగులు కుడి పక్క, పాత పత్రికలు తేదీల వరుసలో ఉంటాయి. "బడి మూసీసి ఇంటికి తెచ్చీసినారు" అంటుంది నా భార్య. అటువంటి ఇంటి పెరట్లో ఒక నాగుల చవితి ఉదయం, కళాశాల ఇంటర్వ్యూ కోసం చేసిన వస్తువు మీద పాలు పోశారు. ఆ వస్తువు మా మనవరాలిది. పోసినవారు నా భార్య, ఆమె అక్కగారు. జరిగినది జరిగిన క్రమంలో రాస్తాను.

మనవరాలు మా అబ్బాయికి ఒక్కతే కూతురు. అబ్బాయి పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ల రవాణా చూసే కార్యాలయంలో పని చేస్తాడు. ఏ లారీ ఎప్పుడు ఏ గేటు దాటాలో నిర్ణయించడం అతని బాధ్యత. కూతురు కూడా ఓడరేవు వ్యాపారానికి సంబంధించిన చదువే చదివి ఆ దారిలోనే ఉద్యోగం చూసుకోవాలని అతని ఉద్దేశం. ఆమెకు శిల్పం నేర్చుకోవాలని ఉంది. తండ్రీ కూతుళ్ళు వాదించుకుని, అలిగి, మళ్ళీ వాదించుకుని, చివరికి నా ముందుకు వచ్చారు. నేను ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి షరతులు కుదిర్చాను. కౌలాలంపూర్‌లోని ఒక కళాశాల వారు, ఇంటర్వ్యూకు వచ్చేటప్పుడు సొంత చేతులతో చేసిన వస్తువు ఒకటి తెమ్మన్నారు. దాన్ని చూసి సీటు ఇస్తే ఆమె ఇష్టప్రకారం చదువుతుంది. ఇవ్వకపోతే తండ్రి చెప్పినది చదువుతుంది. వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నిస్తానని ఆమె అనరాదు. సీటు వచ్చిన తరువాత జీతాల ప్రసక్తి అతను తేరాదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. సాక్షిని నేను.

ఆ ఏడాది నాగుల చవితి శనివారం వచ్చింది. ఇంటర్వ్యూ దాని తరువాతి సోమవారం.

దీపావళికి వచ్చిన మనవరాలు తల్లిదండ్రులతో తిరిగి వెళ్ళకుండా మా దగ్గరే ఉండిపోయింది. తనకు కావలసిన సరుకు ఇక్కడే దొరుకుతుందని చెప్పింది. బడి కార్ఖానాలో తానే చెక్కిన ఒక కొయ్య పామును గుడ్డలో చుట్టి తెచ్చింది. సుమారు మూరెడు వెడల్పు. ఒళ్ళు అలల్లాగా పైకీ కిందికీ వంగి ఉంది. రెండు చివరలా రెండు తలలు, నోళ్ళు తెరుచుకుని, బయటి వైపుకు చూస్తున్నాయి. తోక లేదు.

"ఇది ఏ దేశపు పాము?" అని అడిగాను.

"మెక్సికో, తాతా. అజ్టెక్ వాళ్ళది. ఒరిజినల్ లండన్ మ్యూజియమ్‌లో ఉంది. నేను కాపీ కొట్టడం లేదు లా, నా స్టైల్‌లో చేస్తున్నా."

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి పిల్లల అలవాటు. కాపీ కొట్టడం లేదని ముందుగానే చెప్పేవారి విషయంలో నాకు వృత్తిపరమైన అనుమానం ఉంటుంది. అందుచేత ఆ అసలు వస్తువు గురించి నేనూ చదివాను. స్పెయిన్ వారు సముద్రం దాటి వెళ్ళక ముందు మెక్సికో ప్రాంతాన్ని ఏలిన అజ్టెక్కులు, దేవదారు జాతి కొయ్యను చెక్కి, దాని మీద ఫిరోజా రాతి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి అతికించి ఇటువంటి వస్తువులు చేసేవారు. ఫిరోజా అంటే నీలానికీ ఆకుపచ్చకూ నడుమ రంగులో ఉండే రాయి. వారి దేశంలో అది విరివిగా దొరకదు. ఉత్తరాన దూర ప్రాంతాల నుంచి తెప్పించుకోవాలి. అందుకే దేవతలకూ రాజులకూ మాత్రమే వాడేవారు. పళ్ళకు తెల్లటి శంఖం, చిగుళ్ళకు ముళ్ళుండే ఎర్రటి సముద్రపు గుల్ల. ఆ పామును పండుగల్లో ఎవరో ఛాతీ మీద ధరించి ఉంటారని పండితుల ఊహ. దాని కళ్ళ గుంటలు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఏముండేదో నిశ్చయంగా తెలియదు.

ఫోటోలో నాకు నచ్చినది దాని క్రమశిక్షణ. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో లేవు. ఒళ్ళు వంగిన చోట చిన్నవి, వెడల్పయిన చోట పెద్దవి. అయినా ఎక్కడా ఒకటి మరొకదాని మీదికి ఎక్కలేదు. వందలాది మంది పిల్లలు ప్రార్థన సమావేశంలో పొడవు ప్రకారం నిలబడినట్టు ఉంది. ఈ మాట మనవరాలితో అంటే, "తాతా, అన్నీ నీకు అసెంబ్లీలాగే కనిపిస్తాయి" అంది.

ఫిరోజా కొనే తాహతు మాకు లేదు. మనవరాలు దానికి వెతుక్కున్న ప్రత్యామ్నాయం నేను కలలో కూడా ఊహించనిది. మాకు దగ్గరలోని హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలను ఒడ్డుకు లాగి బాగుచేసే చోటు ఉంది. అక్కడి పడవలకు ఏళ్ళ తరబడి నీలిపచ్చ రంగు పూత మీద పూత వేస్తారు. పడవను బాగుచేసేటప్పుడు ఆ పాత రంగును గీకి పారేస్తారు. గోరంత మందాన, అంచులో పొరలు పొరలుగా, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. వాటిని ఆమె బస్తాలో నింపుకుని వచ్చి, కడిగి, గోళ్ళు కత్తిరించే కత్తెరతో ముక్కలు చేసింది. పడవ అడుగుభాగానికి పూసే ఎర్ర రంగు పెచ్చులు చిగుళ్ళకు. చేపల దుకాణం వెనక పారేసే, కెరాంగ్ అనే తెల్లటి చిన్న గుల్లలు పళ్ళకు. ఇంటి ముందు కారు నిలిపే చోటంతా ఆమె కార్ఖానా అయింది. నా కారు వారం రోజులు ఎండలో నిలబడింది.

ఇప్పుడు వదినగారి సంగతి చెప్పాలి. నా భార్య అక్కగారు మా వెనక వీధిలోనే ఒంటరిగా ఉంటారు. మా తోడల్లుడు పోయి చాలా కాలమైంది. మావాళ్ళు పని చేసిన తోటల ఎస్టేటులో కూలీల లైను ఇళ్ళు కూల్చేసిన రోజున అందరూ మంచాలూ గిన్నెలూ మోసుకుని వస్తే, వదినగారు తన ఇంటి వీధి తలుపు మోయించుకుని వచ్చారు. కొత్త ఇంటి ద్వారబంధానికి ఆ తలుపు సరిపోదు. కింద నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. ఆ సందులోంచి పిల్లులు వచ్చిపోతుంటాయి. తలుపు మార్చుకోమని నేను చాలాసార్లు చెప్పాను. "తలుపు సరిగ్గానే ఉన్నాది మరిదిగోరు, గుమ్మమే తప్పు" అనేవారు. ఎస్టేటు రోజుల్లో ఇళ్ళన్నింటికీ ఒకే రంగు ఇచ్చేవారు, అదే నీలిపచ్చ. మా తోడల్లుడు ప్రతి దీపావళికీ ఆ తలుపుకు తానే పూత వేసేవాడు. ఆయన పోయాక వదినగారు హార్డ్‌వేర్ దుకాణానికి ఒక పెచ్చు పట్టుకుపోయి, దానికి సరిపోయే రంగు కలిపించుకుని, ఆ పని మానకుండా చేస్తున్నారు.

చవితికి మావాళ్ళు పూర్వం ఎస్టేటు చివర పామాయిలు తోటలో ఉన్న పుట్టకు వెళ్ళి పాలు పోసేవారు. ఆ ఏడాది కాలువ వెడల్పు చేయడానికి యంత్రం తెచ్చి ఆ పుట్టను చదును చేసేశారు. దీపావళి నాటి నుంచి ఆడవాళ్ళ మధ్య ఇదే చర్చ. గుడిలోని నాగరాతికి పాలు పోద్దామని ఒకరు, పుట్టమన్ను కొంచెం తెచ్చి కుండలో పెట్టుకుందామని మరొకరు. వదినగారికి ఏదీ నచ్చలేదు.

శనివారం ఉదయం పాము దాదాపు పూర్తయింది. కుడి తల ముందే చేసినది కనుక ఎండి గట్టిపడింది. ఒళ్ళూ ఎడమ తలా మనవరాలు క్రితం సాయంత్రమే అతికించింది. తెల్ల జిగురు ఇంకా పచ్చిగా ఉంది. ఎడమ తలకు పళ్ళు చాలలేదు. గుల్లల కోసం హుటాన్ మెలింటాంగ్ తీసుకుపొమ్మంది. పామును పెరట్లో కరివేపాకు చెట్టు కింద, లేత ఎండ పడే చోట, పీట మీద ఆరబెట్టి నాతో కారెక్కింది. పీట మీద పెట్టడం ఆమె చేసిన పొరపాటు. మా ఇళ్ళలో పీట మీద ఎవరిని కూర్చోబెడతారో ఆమెకు తట్టలేదు.

మేము తిరిగి వచ్చేసరికి పెరట్లో కొబ్బరి చిప్పలు, చలిమిడి, చిమ్మిలి ముద్దలు, అరటాకు మీద కోడిగుడ్డు, వెలుగుతున్న దీపం ఉన్నాయి. పాము నిండా పసుపు. రెండు తలలకూ కుంకుమ. ఖాళీ కళ్ళ గుంటల్లో ఎర్రటి సాగా గింజలు అమర్చారు. రోడ్డు పక్క చెట్ల కింద రాలి పడి ఉండే, నల్ల మచ్చ లేని గురివిందల్లాంటి గింజలు. పాలు, కొబ్బరినీళ్ళు పోసిన తరువాత, చీమలు పడతాయని ఒక బిందె మంచినీళ్ళు కూడా పోశారు. ఒంటి మీది పెచ్చులు జారి పీట కింద పసుపు నీళ్ళలో నీలంగా కుప్ప పడి ఉన్నాయి. ఎడమ తల, పెట్టిన కళ్ళు కూడా రాలిపోయి, ఉత్త కొయ్య. కుడి తల మాత్రం చెక్కు చెదరలేదు. కొత్త కళ్ళతో మమ్మల్నే చూస్తోంది.

మనవరాలు గుల్లల సంచీ కింద పెట్టింది.

"మామ్మా... గమ్ ఇంకా ఆరలేదు లా!"

నా భార్య ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు. "ఏటయ్యింది? నాగన్నకి పూజ సేసినామమ్మా. నీ ఇంటర్వ్యూకి మంచిదని."

"అది ప్రాజెక్ట్, మామ్మా! సామి కాదు!"

"పరీక్ష అని నాకు తెల్దేటి? మీ నాన్న పరీక్షలకి పెన్నులకి పసుపు ఎట్టలేదా? మోటారుసైకిలు కొన్నప్పుడు నిమ్మకాయలు తొక్కించలేదా?"

ఇందులో అబద్ధం ఏదీ లేదు. మా ఇంట్లో ప్రవేశించిన ప్రతి యంత్రమూ, ప్రతి కలమూ పసుపు పూసుకునే పనిలో చేరింది. పరీక్షకు వెళ్ళబోయే వస్తువు, అందులోనూ పాము, అందులోనూ చవితి నాడు పీట మీద ఉంది. నా భార్యకు అది వదిలేయదగ్గ విషయంగా తోచలేదు.

మనవరాలు పీట పక్కన చతికిలబడి పెచ్చులు ఏరబోయింది. వదినగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ముట్టకు. పూజయినాక సామివారివి."

"పెద్దమామ్మా, నాకు సోమవారం ఇంటర్వ్యూ!"

"ఉంటే ఉండనీ. కళ్ళు ఎట్టినాం. కళ్ళు ఎట్టినాక నీ బొమ్మ కాదు అది."

మనవరాలు నా వైపు తిరిగింది. "తాతా, నాన్నకి ఫోన్ చేసి ఇంకో ఛాన్స్ అడగవా? నా తప్పు కాదు కదా?"

తప్పు ఆమెది కాదు. కానీ షరతులో తప్పు ఎవరిదన్న ప్రస్తావన లేదు. ఒకరి కష్టం చూసి షరతు సడలిస్తే రేపు రెండోవారి కష్టం చూసి ఇంకోవైపు సడలించాలి. అడగనని చెప్పాను. ఆమె ఏడవలేదు, ముక్కు మాత్రం ఎర్రబడింది. ఆ చదువు మీద ఆమెకు ఎంత ఆశ ఉందో నేను అప్పుడే చూశాను.

నష్టం నా ఇంట్లో జరిగింది కనుక సరిచేయించే బాధ్యత నాది. ముందు పద్ధతి ప్రకారం ఉద్వాసన చెప్పి పీటను కొంచెం ఉత్తరానికి జరుపుతానన్నాను. పిలిచిన దేవుణ్ణి మర్యాదగా తిరిగి పంపడానికి మనకు ఉన్న విధి అదే కదా. పూజ ముగుస్తుంది, వస్తువు వస్తువవుతుంది.

వదినగారు తల అడ్డంగా ఊపారు. "వినాయకుడికి ఉద్వాసన సెప్పి నీట్లో కలుపుతాం మరిదిగోరు. బస్సెక్కించి కోలంపూరు పంపం."

"అయితే దీన్నీ నీళ్ళలో కలపమంటారా?"

"నాను కలపమన్నానేటి? ఇది మీ ఇస్టం అని సెప్పడానికి లేదు అన్నాను."

నా భార్య కొంగుతో దీపం చుట్టూ నీళ్ళు తుడుస్తూ, "అక్కా, పిల్ల సదువే, నీకు దండం ఎడతాను" అంది. వదినగారు కదలలేదు. ఆమెది మొండితనం అనను. భర్త పోయాక ఆమె ఒక్క పూజ కూడా తప్పించలేదు. తప్పిస్తే ఎవరికేమవుతుందోనని భయం. ఆ ఎవరిలో మా మనవరాలు కూడా ఉంది.

అప్పుడు మనవరాలు తన సగం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అజ్టెక్కులకు కూడా పాము సామే అంది. వానకూ నీళ్ళకూ సంబంధించినది. అది పాత చర్మం వదిలేసి కొత్త చర్మంతో బయటికి వస్తుంది కాబట్టి దానికి చావు లేదని వాళ్ళు అనుకునేవారు.

"కుబుసమా?" అన్నారు వదినగారు.

"అదేంటో నాకు తెలీదు. పాత తోలు."

"కుబుసమే. అయితే ఆల్లకీ తెలుసన్నమాట." వదినగారు పీట కింద నీలపు కుప్పను వంగి చూశారు. "సరే. రాలిపోనాది కుబుసం. దాన్ని నాను గంగలో కలుపుతాను. ఒళ్ళు పిల్లది. కళ్ళున్న తల మటుకు అలాగే ఉంచాల. పీకకూడదు."

నేను ఉద్వాసన చెప్పి పీట జరిపాను. వదినగారు పెచ్చులన్నీ పసుపు గుడ్డలో మూట కట్టారు. మరుసటి ఉదయం నా కారులోనే హుటాన్ మెలింటాంగ్ జెట్టీకి వెళ్ళి నదిలో వదిలారు. పడవల రంగు పడవల దగ్గరికే చేరింది. ఆ మాట ఆమెతో అనలేదు.

పూజ చిక్కు తీరింది కానీ పని చిక్కు మొదలైంది. మనవరాలి డబ్బాలో మిగిలిన పెచ్చులు ఒక తలకు కూడా చాలవు. పడవలు బాగుచేసే చోటు వారాంతం మూసి ఉంటుంది. కొయ్యను కొయ్యగానే తీసుకుపోతానని ఆమె ఒకసారి, అసలు వెళ్ళనే వెళ్ళనని ఇంకోసారి అంది. వదినగారు చేతులు కడుక్కుంటూ ఇదంతా విన్నారు.

"కొత్త తోలు ఎక్కడ్నించి వత్తాది మరి?" అని అడిగారు.

ఆమె చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

భోజనాల వేళకు కూడా రాకపోతే చూసి రమ్మని నా భార్య నన్ను పంపింది. వీధి మలుపులోనే గరగరమని చప్పుడు వినిపించింది. వదినగారు గుమ్మంలో పాత చాప పరుచుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ఇనుప అట్లకాడతో ఆ తలుపును గీకుతున్నారు. చాప మీద నీలిపచ్చ పెచ్చులు.

"వదినగారూ, దీపావళికే కదా రంగు వేశారు! వాసన కూడా పోలేదు."

"ఏసినాను. అందుకే పైపూత మెత్తగున్నాది. కిందవే గట్టివి. ఊరికే సూత్తారేటి? తలుపు అటు పట్టుకోండి, ఊగిపోతంది."

పట్టుకున్నాను. జీవితంలో నేను ఎంతమందికో పనులు చెప్పాను. ఆ మధ్యాహ్నం చెప్పిన పని చేశాను. ఎడమవైపు పైభాగం నుంచి మొదలుపెట్టి, నా సలహా ప్రకారం, వరుసగా కిందికి గీకాము. ఆ తలుపు అంచు చూస్తే పొరలు పుస్తకం పేజీల్లా కనిపించాయి. ఒక్కో ఏడాది రంగు ఒక్కో ఛాయ. కొన్ని నీలం వైపు, కొన్ని ఆకుపచ్చ వైపు మొగ్గాయి. అడుగున ఉన్నవి ఎస్టేటు ఇచ్చిన రంగు. వాటిలో ఒక పెచ్చును వదినగారు వెలుతురులో పెట్టి చూసి నవ్వారు. రంగులో ఒక వెంట్రుక ఇరుక్కుని ఉంది.

"కుంచెది. మీ తోడల్లుడికి కుంచె కడగడం ఎప్పుడూ రాలేదు. ఎన్నిసార్లు సెప్పినానో."

"దీన్ని దాచుకుంటారా?"

"వెంట్రుకని దాసుకుని ఏటి సేత్తాను? పిల్లకి ఇయ్యండి."

అతికించడానికి ఏం వాడాలన్న ప్రశ్న తరువాత వచ్చింది. తెల్ల జిగురును మళ్ళీ నమ్మలేం. ఆరడానికి వ్యవధి లేదు. అజ్టెక్కులు చెట్టు బంకను కరిగించి వాడేవారనీ, అదే బంకను దేవుడి ముందు ధూపంగా కూడా వేసేవారనీ, తనకు అది దొరకక జిగురు వాడాననీ మనవరాలు చెప్పి ఫోన్‌లో దాని బొమ్మ చూపింది. నా భార్య కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఇది గుగ్గిలం కాదేటి?"

దేవుడి గూట్లోంచి పొట్లం తెచ్చి విప్పింది. పసుపుపచ్చని గాజుముక్కల్లాంటి గుగ్గిలం. మలాయి భాషలో దాన్నే దామర్ అంటారు. ఇక్కడి పాత కొయ్య పడవల సందుల్లో నూనెతో కలిపి అదే పూసేవారు. రెండూ ఒకే చెట్టువి కావనీ, దేశాలు వేరనీ నేను చెప్పవలసిన బాధ్యతగా చెప్పాను. "బంక బంకేనండీ" అని నా భార్య పొయ్యి మీద పాత మూకుడు పెట్టింది. రెండు ముక్కలు కరిగించి, నాలుగు చుక్కల నూనె కలిపి, ఒక పెచ్చును అతికించి చూశాము. చల్లారాక గోటితో లాగినా రాలేదు.

శనివారం వెలుతురు ఉన్నంతవరకూ, ఆదివారం జెట్టీ నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచీ నలుగురం పని చేశాము. నేను తాంబూలం పళ్ళేలు వరుసగా పెట్టి, పెచ్చులను ఛాయల ప్రకారం వేరు చేశాను. ఒక్కో పళ్ళెంలో మళ్ళీ పరిమాణం ప్రకారం. అన్నీ ఒకే కొలతలో కత్తిరిస్తే పని వేగంగా సాగుతుందన్నాను. మనవరాలు ఒప్పుకోలేదు. "వంపు దగ్గర చిన్నవి కావాలి తాతా. పాము స్ట్రెయిట్ లైన్‌లో నిలబడదు." ఆమె చెప్పినదే చేశాము. నా భార్య మూకుడు చూసింది. వదినగారు పట్టకారుతో పెచ్చులు అందించారు. ఒక్కొక్కటీ ఇచ్చేటప్పుడు అది ఏ ఏడాది పూతో ఊహించి చెప్పేవారు. అది పొగాకు దుకాణం కాలిపోయిన ఏడాదిదనీ, ఇది తన పెద్ద కూతురు పెళ్ళి ఏడాదిదనీ. నిజమో కాదో సరిచూసే మార్గం లేదు. వెంట్రుక ఉన్న పెచ్చు ఎడమ తల ముక్కు పక్కన చేరింది.

ఎడమ తల కళ్ళ దగ్గర చిన్న తగవు వచ్చింది. వదినగారు సాగా గింజలు రెండు తీసి సిద్ధంగా పెట్టారు.

"వద్దు పెద్దమామ్మా. దీనికి ఖాళీగానే ఉంటాయి. ఒరిజినల్‌లో కూడా అంతే."

"గుడ్డి పాముని పంపుతావేటి?"

"దీని కళ్ళు కుబుసంతో పోయాయి. నువ్వే కదా నదిలో వేశావు."

వదినగారు నా వైపు చూశారు. నేను పళ్ళేలు సర్దుతున్నాను. "ఈ పిల్ల మాటకి మాట బాగా సదివినాది" అని గింజలు కొంగుకు ముడి వేసుకున్నారు.

ఆదివారం సాయంత్రం మా అబ్బాయి కూతుర్ని తీసుకువెళ్ళడానికి వచ్చాడు. గుమ్మంలోనే ముక్కు ఎగరేశాడు.

"నాన్నా, ఏటి గుడి వాసన వత్తంది? ఇది ఇంటర్వ్యూకా, తిరునాళ్ళకా?"

జరిగినదంతా తల్లి చెప్పింది. అతను పామును చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. వెనక వైపు ఉత్త కొయ్య. దాన్ని చేయడానికి పెచ్చులూ లేవు, సమయమూ లేదు. అసలు పాముకు కూడా ఒంటి వెనక అలంకారం లేదని నేను చెప్పాను. కుడి తల పడవల రంగు, కళ్ళున్నాయి. ఒళ్ళూ ఎడమ తలా తలుపు రంగు, కళ్ళు లేవు. పళ్ళ సందుల్లో పసుపు ఇంకా మిగిలే ఉంది, ఎంత కడిగినా పోలేదు. ఇంటర్వ్యూ వాయిదా అడగాలా అని అతనే కూతుర్ని అడిగాడు. అతని గొంతులో పోటీ లేదు. ఆమె వద్దంది.

ఇంటర్వ్యూలో ఏమి జరిగిందో ఆమె ఫోన్‌లో చెప్పింది. ముగ్గురు కూర్చున్నారట. ఒకరు రంగు రాళ్ళు ఎక్కడివని అడిగితే పడవ, తలుపు అని చెప్పింది. పసుపు మరక గురించి అడిగితే జరిగినది జరిగినట్టు చెప్పింది. పాలు పోయడం ముందే అనుకున్నదా అని ఒకావిడ అడిగిందట.

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను. మా పెద్దమామ్మ అడగకుండా పోసేసింది అన్నాను. ఇద్దరు నవ్వారు, తాతా. ఒకాయన నవ్వలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ కూర్చున్నాడు."

కొన్ని వారాల తరువాత అబ్బాయి ఫోన్ చేశాడు. సీటు వచ్చిందన్నాడు. అభినందనలు చెప్పాను. ఆ తరువాత వారింటికి వెళ్ళినప్పుడు, శిల్పులకు నెలకు ఎంత వస్తుందో అని ఏదో మొదలుపెట్టి, నా ముఖం చూసి, కంటైనర్ల సంగతి ఎత్తాడు. షరతు నిలబెట్టాడు.

మరుసటి ఏడాది చవితికి మనవరాలు పామును తీసుకుని వచ్చింది. పాలు కరివేపాకు చెట్టు మొదట్లో పోయాలనీ, పామును ఎత్తయిన బల్ల మీద దూరంగా పెట్టాలనీ, దానికి బొట్టు తప్ప మరేదీ తగలకూడదనీ నేను ముందుగా నిర్ణయించి అందరికీ చెప్పాను. పాటించారు. వదినగారు కళ్ళున్న తలకు బొట్టు పెట్టి, కళ్ళు లేని తలకు మెటికలు విరిచి దిష్టి తీశారు.

దానికి ముందు దీపావళికి, గీకిన తలుపుకు రంగు వేయడానికి నన్ను పిలిచారు. సగం తలుపు ఏడాదంతా ఉత్త చెక్కగానే ఉంది. ఇప్పుడైనా గుమ్మానికి సరిపోయే కొత్త తలుపు పెట్టించుకోమన్నాను. విననట్టే కుంచె నా చేతికిచ్చారు. నేను పద్ధతిగా పైనుంచి కిందికి ఒక పూత వేసి, కుంచె కడిగి, డబ్బా మూత బిగించాను. వదినగారు వచ్చి మూత తీశారు.

"ఇంకోటి ఎయ్యండి."

"ఒక పూత చాలు వదినగారూ. చెక్క బాగా కప్పుకుంది."

"ఏటి సాలు? గోరంత మందం రావాలంటే ఎన్నేళ్ళు పడతాది? పిల్లకి మళ్ళీ గావాలంటే ఎక్కడ్నించి తెత్తాం?"

రెండో పూత వేశాను. ఆరాక మూడోది కూడా వేయమన్నారు.